గోడకు పెట్టిన అన్నం

జ్యేష్ఠ బహుళ తదియ

గోడ రంగు లేత గోధుమ. తడి ఉంది. వాసన రోజూ ఉండేదే, తడిసిన గోనెసంచిలో పాత శనగపిండి పోసి మూతి కట్టినట్టు.

ఈ మేడ పెంచిన కంపెనీకి కావలసినవి ఈ మూడు సంగతులే. కింది వాటాలో ఉండేవాళ్ళు రోజూ గోడ సంగతి రాసి పంపాలి. నాది ఊరి బడిలో ఐదో తరగతి వరకూ చదువు. అయినా మాట్లాడడం కంటే రాయడమే నాకు నయం. ఎదుటి మనిషి మొహం చూడక్కర్లేదు. ఈ రాతలు ఎవరూ చదవరని గోడలు చూసిపోవడానికి కంపెనీ పంపే గోడ డాక్టరమ్మ ఒకసారి నోరు జారింది. అప్పటి నుంచి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మా మేడ బూజుతో పెంచినది. నేనూ మా అప్పా కొత్తరేవు వచ్చేనాటికి ఇది రెండంతస్తులు. ఇప్పుడు తొమ్మిది. ఎవరూ కట్టలేదు. తిని పెరిగింది.

ప్రతి వాటాకూ వంటింటి మూల గోడలో ఒక నోరు ఉంటుంది. తొక్కలు, ఎంగిలి మెతుకులు, పాచిపోయిన కూర అందులో వెయ్యాలి. రోజుకు ఒక చిప్పెడు. అంతకు మించి వెయ్యకూడదు. వెయ్యగానే పెదవులు దగ్గరికి వస్తాయి. లోపల పీల్చుకుంటున్న చప్పుడు. పళ్ళు లేనివాడు మామిడిపండు జుర్రినట్టు ఉంటుంది. ఇన్నేళ్ళయినా ఆ చప్పుడు వింటే నాకు అన్నం సయించదు. నిన్నటివి వేసేసి, చేతులు కడుక్కుని, వీధిలో కాసేపు నిలబడి వచ్చి అప్పుడు తింటాను.

ఈ రోజు అప్ప ఒక మాట అంది. "కిటికీ సిన్నదైనట్టు నేదేట్రా, దాలిగా?"

లేదన్నాను. తర్వాత వెళ్ళి చూశాను. అయింది.

జ్యేష్ఠ బహుళ సప్తమి

గోడ రంగు అదే. తడి ఎక్కువ.

అప్ప అంటే మా పెద్దక్క ఎర్రయ్యమ్మ. మా పొలాల్లోకి ఉప్పునీరు వచ్చాక ఇద్దరమే మిగిలి ఇక్కడికి చేరాం. ఆమెకు ఉబ్బసం. పడుకుంటే ఊపిరి ఆడదు. కిటికీ కింద మంచం వేసుకుని, గోడకు దిండు ఆనించి, కూర్చునే నిద్రపోతుంది. వాటాకి ఉన్న కిటికీ అదొక్కటే. తలుపు తీస్తే లోపలి నడవ. అక్కడ గాలి ఉండదు, తొమ్మిది అంతస్తుల కంపు దిగి వచ్చి నిలబడి ఉంటుంది.

కిటికీ అవతల మురుగుకాలవ గట్టు. గట్టు మీద రేకుల పాకలు. ఆ పాకలవాళ్ళని ఏ మేడలోకీ రానివ్వరు. మేడల్లో మిగిలిన అన్నం ఒకప్పుడు వాళ్ళకు వెళ్ళేది. ఇప్పుడు గోడకు వెళుతోంది. వాళ్ళకు రేషన్ బియ్యం ఒక్కటే ఆధారం.

గట్టు మీది బోడెమ్మకూ అప్పకూ స్నేహం. సాయంత్రం బోడెమ్మ కిటికీ దగ్గరకు వచ్చి నిలబడుతుంది. నిరుడు ఆ కిటికీలోంచి ఆమె తోటకూర బుట్ట లోపలికి ఇచ్చేది. ఈ రోజు బుట్ట పట్టలేదు. కట్టలు విప్పి ఒక్కొక్కటే ఇచ్చింది.

"మీ కిటికీకి సిగ్గొచ్చీసిందేటే ఎర్రయ్యమ్మా? మూతి ముడుసుకుంటన్నాది" అంది.

అప్ప నవ్వబోయింది. నవ్వు దగ్గులోకి పోయింది. ఆ దగ్గు ఆగేదాకా నేను ఆమె వీపు రాశాను.

చౌకట్టు చుట్టూ గోడ ఉబ్బింది. వేలుతో నొక్కితే లోపలికి పోయి మెల్లగా మళ్ళీ పైకి వచ్చింది. జ్వరం వచ్చినవాడి పొట్టలా గోరువెచ్చగా ఉంది. వేలు చాలాసేపు కడుక్కున్నాను.

జ్యేష్ఠ బహుళ దశమి

వాసన ఈ రోజు వేరు. పులుపు.

మా పై వాటా మంగతాయారు గారిది. ఆమె గోడలోంచి ఒక వరండా బయటికి వచ్చింది. గట్టు మీదికి, అంటే ఎవరిదీ కాని గాలిలోకి. పెంచడానికి అనుమతి లేదు. దానంతట అదే వచ్చిందని చెబుతుంది. ఆ వరండాలో ఉయ్యాల కూడా వేసింది.

పొద్దున మెట్ల మీద ఒక డ్రమ్ము చూశాను. పెళ్ళి హాలు నుంచి తెప్పించిందట. విస్తళ్ళలో మిగిలినదంతా ఒక్కచోట. పెరుగు, పులిహోర, చేప ముళ్ళు, తమలపాకుల ఉమ్ము. పైన తెట్టె కట్టింది. తెట్టె మీద ఈగలు. ఇద్దరు మనుషులు ముక్కులకు గుడ్డలు కట్టుకుని మోశారు. మెట్టు మెట్టుకూ కొంచెం ఒలికింది. ఎవరూ తుడవలేదు. నేను తుడిచాను.

తుడిచి, ధైర్యం చేసి పైకి వెళ్ళాను. చెప్పవలసిన మాట మెట్లెక్కుతూ కూడబలుక్కున్నాను. ఎక్కువ వెయ్యకండమ్మా, కింద మా కిటికీ మూసుకుపోతోంది. అంతే.

ఆమె తలుపు తీసింది. "ఏం దాలయ్యా? పంచెకి ఆ మరకలేంటి? మెట్లు తుడిచావా? ఎందుకయ్యా నీకంత కష్టం, రేపు మళ్ళీ వస్తుందిగా డ్రమ్ము."

"అవునండి" అన్నాను.

"ఇంకేమైనా చెప్పాలా?"

"నేదండి."

దిగి వచ్చేశాను. అప్ప అడిగింది, చెప్పావా అని. చెప్పానన్నాను.

జ్యేష్ఠ బహుళ ద్వాదశి

గోడ డాక్టరమ్మ వచ్చింది. పేరు పర్వీన్. చిన్న వయసు. గోడను చూడడానికి వచ్చినా ముందు అప్పను పలకరించే మనిషి.

మెట్ల మీద మరకలు చూపించాను. డ్రమ్ము సంగతి చెప్పాను. ఆమెకు చెప్పడం నాకు అంత కష్టం కాదు, ఆమె గోడనే చూస్తూ వింటుంది.

"ఆవిడ వేసేది ఆవిడ గోడలోనే పెరుగుతుంది తాతా. అక్కడి నుంచి ఇంత దూరం రాదు. మీ కిటికీకి వేరే ఏదో అందుతోంది."

సన్నటి కమ్మీ ఒకటి గోడలోకి దింపి తీసి చూసింది. తర్వాత మంచం జరపమంది. జరిపాం.

కిటికీ కింద అప్ప రోజూ దీపం పెట్టే చోటు ఉంది. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, చిన్న ముగ్గు వేసి ఉంటుంది. ఆ ముగ్గుకు పైన, కుంకుమ బొట్టు కింద, గోడలో కొత్త నోరు తెరుచుకుని ఉంది. అప్పుడే పుట్టిన ఎలకపిల్లల రంగు. తడిగా ఉంది. మేం చూస్తుండగానే రెండుసార్లు మూసి తెరిచింది. గోడవైపు వీపు పెట్టి నిలబడ్డాను.

"ఇక్కడేం పెడుతున్నావు అమ్మమ్మా?" అని అడిగింది పర్వీన్.

అప్ప దాచలేదు. "అన్నం. వార్చగానే ముందు ముద్ద దానికే. కాసింత నెయ్యేసి. తరవాతే మాం తింటాం."

అన్నం పెడుతుందని నాకూ తెలుసు. పొద్దుటికి అన్నం పెట్టిన ఆకు ఖాళీగా ఉండేది. ఎలకలు తింటున్నాయనుకున్నాను.

"దానికి వేరే నోరుంది కదా, వంటింట్లో."

"ఆ నోట్లో అందరూ ఎంగిలేత్తన్నారు తల్లీ. మనల్ని మోసే ఇల్లు. వోనొస్తే తడవనియ్యదు, ఎండొస్తే కాలనియ్యదు. దాని నోట్లో ఎంగిలా? మా అమ్మయితే చీపురు తిరగేసి కొట్టును."

పర్వీన్ నన్ను నడవలోకి పిలిచింది. "ఎంగిలీ పాచీ తినడానికే దీన్ని తయారు చేశారు. అందులో సారం ఉండదు, అందుకే నెమ్మదిగా పెరుగుతుంది. మంచి అన్నం, అందులోనూ నెయ్యి తగిలితే పిచ్చెక్కినట్టు పెరుగుతుంది. ఈ మాట మాకు తప్ప బయటివాళ్ళకు తెలియకూడదు. నువ్వు ఎవరికీ చెప్పకు తాతా."

చెప్పనన్నాను. చెప్పను కూడా.

జ్యేష్ఠ బహుళ త్రయోదశి

అప్పకు చెప్పడానికి పొద్దంతా పట్టింది. నువ్వు పెట్టే అన్నమే నీ కిటికీ మూస్తోంది అని ఎలా చెప్పాలి?

చెప్పాక ఆమె గోడ మీద చెయ్యి వేసింది. "అయితే ఎంగిలెట్టమంటావేటి?"

"వొద్దు. ఏటీ పెట్టకు."

"దీపమెట్టి ఉత్త సేతుల్తో ఊరుకుంటారేట్రా ఎక్కడైనా?"

చివరికి ఒక దారి ఆమే చెప్పింది. ముద్ద గోడకు చూపించి, కళ్ళు మూసుకుని, కళ్ళు తెరిచి, ప్రసాదంగా తనే తినేస్తుంది. సరేనన్నాను. కొత్త నోటికి అడ్డంగా పీట ఆనించాను. పీట వెనక అది చప్పరిస్తూనే ఉంది.

ఆషాఢ శుద్ధ పంచమి

గోడ రంగు గోధుమ. తడి తగ్గింది. కిటికీ ఉన్నంతలోనే ఆగింది. అప్ప నిన్న మెతుకు మిగల్చకుండా తింది. కొత్త నోరు ఎండి ముడతలు పడింది.

ఇక్కడితో అయిపోయిందనుకుంటున్నాను.

ఆషాఢ శుద్ధ సప్తమి

మేడ సంఘం మీటింగు పెట్టారు. నేను పర్వీన్‌కి చెప్పిన డ్రమ్ము సంగతి పైకి తెలిసిందట. సంఘం ప్రెసిడెంటు నరహరి గారిది తొమ్మిదో అంతస్తు. మీటింగు ఆయన హాల్లోనే, అది కూడా పెంచినదే. గోడలకు రంగు వేయించాడు. రంగు కింద అది ఊపిరి తీస్తూనే ఉంది. గోడకు ఆనుకోకుండా నిలబడ్డాను.

"దాలయ్యగారూ, మీరేదో ఫిర్యాదు చేశారట. ఎవరి మీదో అందరి ముందూ చెబితే బాగుంటుంది."

అంతమంది నన్ను ఒకేసారి చూడడం నా జీవితంలో అదే మొదలు.

"నా మీదేనండీ" అంది మంగతాయారు గారు. "నా వరండా చూస్తే ఆయనకు కడుపుమంట. తన కిటికీ చిన్నదవుతోందని నా ఉయ్యాల మీద పడ్డాడు. ఏమయ్యా, నా డ్రమ్ము వచ్చి నీ కిటికీలో కూర్చుందా?"

నవ్వారు.

అది నిజమే, ఆమె డ్రమ్ము మా కిటికీ జోలికి రాలేదు. నేను ఆమె మీద అబద్ధం చెప్పినట్టయింది. అది నాకు గుచ్చుకుంది. నవ్వు ఆగితే చాలనుకున్నాను.

"ఆయమ్మ తప్పు కాదండి. తప్పు మాదేనండి. మా అప్ప గోడకి మంచన్నమెట్టినాది. నెయ్యేసి. డాక్టరమ్మ సెప్పినారు, మంచన్నమెడితే పిచ్చెక్కినట్టు పెరుగుద్దంట. మానిపించీసినానండి."

నవ్వు ఆగింది. తిడతారనుకున్నాను. ఎవరూ తిట్టలేదు. అందరూ నన్ను చూడడం మాని ఒకరినొకరు చూసుకున్నారు.

"మంచి అన్నమంటే" అన్నాడు నరహరి గారు గొంతు సవరించుకుని, "ఏ బియ్యం?"

"నెయ్యి ఎంత వేసేది? చెంచాడా?" అంది ఎవరో ఆమె.

నాకు అప్పుడు అర్థమైంది. డాక్టరమ్మకు ఇచ్చిన మాట మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది.

ఆషాఢ శుద్ధ నవమి

మేడంతా నెయ్యి వాసన.

ఒకప్పుడు ఆ వాసన వస్తే నాకు పండగ గుర్తొచ్చేది. ఈ రోజు ముక్కు మూసుకున్నాను. పైన నెయ్యి, దాని కింద బూజు పులుపు, రెండూ కలిసి గొంతులో జిడ్డులా నిలబడుతున్నాయి. తొమ్మిది అంతస్తుల నుంచీ చప్పరింపు వినిపిస్తోంది. ఇదివరకు మా వాటాది మాత్రమే వినిపించేది.

అప్ప సంతోషపడింది. "అందరూ ఇంటికి ముందెట్టి తింతన్నారన్నమాట. మంచిదే కదేట్రా."

మంచిదేనన్నాను. ఆమెకు ఈ రోజు ఊపిరి బాగా ఆడుతోంది.

ఆషాఢ పౌర్ణమి

గోడ రంగు తెలుపు. తడి చాలా. చెయ్యి పెడితే అంటుకుంటోంది.

పైవాళ్ళు ఒకరితో ఒకరు పోటీ పడుతున్నారు. ఒకాయన పరమాన్నం పోస్తున్నాడట. పప్పూ అన్నం కలిపి ముద్దలు చేసి పెట్టడానికి మంగతాయారు గారు వంటమనిషిని పెట్టుకుంది. ఆ వంటమనిషి తన ఇంట్లో గంజి తాగి వస్తుంది. నాకే చెప్పింది, మెట్ల మీద కూర్చుని. చేతులకు నెయ్యి. ఆ చేతులు నాకేసి చాపి, "వాసన చూడండి బాబాయ్, గోడ భోజనం" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పూజగదులు వచ్చాయి. జిమ్ములు వచ్చాయి. ఒకరికి కారు లేదు కాని ఆరో అంతస్తులో కారు పెట్టే గది వచ్చింది. ఉన్న గదులు ఒక్కరికీ చాలడం లేదు. మేడ ఇప్పుడు కుండలో పొంగిన అట్లపిండిలా అన్ని వైపులా జారుతోంది. ఆ బరువంతా కిందికి దిగుతోంది. దిగిన చోట గోడ ఉబ్బుతోంది. ఆ దిగిన చోట ఉన్నది మేమే.

కిటికీలో ఈ రోజు పళ్ళెం కూడా పట్టలేదు. గిన్నె పట్టింది.

ఆషాఢ బహుళ చవితి

బోడెమ్మ వచ్చి కూర లేకుండా నిలబడింది.

"మా బియ్యం అమ్మీసినామే" అంది. "మీ పై వాటా ఆయమ్మ గట్టంతా తిరిగి పాత సీరలిచ్చి పట్టుకుపోయినాది. ఇస్తానంటే ఎవులు మానతారు? ఆ పొద్దున మురిసిపోయినాం. ఇప్పుడు రేషన్ కొట్లో అడిగితే సరుకు నేదంతన్నాడు. ఆ బియ్యమూ పైకే ఎలిపోనాదంట. మా కోడలు పిల్లల్కి గంజి కాసి, సీర కట్టుకుని కూకున్నాది. ఎర్రంచు సీర. బాగుందిలే."

అప్ప నావైపు తిరిగింది. "నాను పెట్టింది సూసి నేర్సుకున్నారా వీళ్ళు?" అని నన్ను అడిగింది.

నేను చెప్పబట్టి నేర్చుకున్నారు అనలేకపోయాను. తల ఊపాను. ఎలాగైనా అర్థం చేసుకునేలా ఊపాను.

"నీ గోడ మా పిల్లలకన్నా బొద్దుగున్నాదే" అంది బోడెమ్మ వెళుతూ. "పెళ్ళి సేసీండి దానికి."

ఆషాఢ బహుళ అష్టమి

కిటికీలో నా అరచెయ్యి పడుతుంది. అంతే.

అప్ప ఊపిరికి ఈల వస్తోంది. మొహం ఆ కన్నానికి ఆనించి కూర్చుంటుంది. గోడ జిగురు ఆమె చెంపకు అంటుకుంటోంది. నేను తడిగుడ్డతో తుడుస్తున్నాను. కాసేపటికి మళ్ళీ అంటుతోంది. ఆ జిగురులో మెతుకులు ఉన్నాయి. అరగని మెతుకులు. ఎవరింట్లోనో వండిన మంచి అన్నం, గోడ తినలేక కక్కింది.

నరహరి గారి దగ్గరకు వెళ్ళాను. ఈసారి కూడబలుక్కోలేదు. "మా అప్పకి ఊపిరాడ్డం నేదండి. కిటికీ మూసుకుపోతన్నాది. వెయ్యడం ఆపమని సెప్పండి" అన్నాను.

ఆయన మర్యాదగా కూర్చోబెట్టాడు. మంచినీళ్ళు ఇప్పించాడు. "దాలయ్యగారూ, ఊరు పెరిగేటప్పుడు కిందివి కొన్ని మూసుకుపోతాయి. అది ఎవరి తప్పూ కాదు. మీ వాటా ఎలాగూ గోడలో కలిసిపోతుంది. ఆ లోపు ఖాళీ చేసేస్తే మీకే మంచిది."

"ఎక్కడికెళ్ళమంటారండి?"

"ఎక్కడికైనా. ఊరు ఇంత పెద్దదయింది కదా."

ఆయన వెనక గోడ నోట్లో పనిమనిషి చిన్న చిన్న ముద్దలు పెడుతోంది. బిడ్డకు పెట్టినట్టు, ఆగి ఆగి. నెయ్యి పెదవి అంచున కారితే కొంగుతో తుడిచింది. ఆ తుడవడం చూశాక నాకు ఇంకేమీ వినిపించలేదు. మంచినీళ్ళు తాగకుండా దిగి వచ్చాను.

ఆషాఢ బహుళ నవమి

పర్వీన్‌కి కబురు పెట్టాను. ఆమె వచ్చింది. అప్ప వీపు నిమిరింది. కమ్మీ దింపి చూసి, అది తీసేటప్పుడు మొహం పక్కకు తిప్పుకుంది.

"పైన ఆపితే తప్ప ఇది ఆగదు. పైన ఆపమని కంపెనీ చెప్పదు. గదులు పెరిగితే అద్దె పెరుగుతుంది కదా తాతా."

"కోసీవొచ్చా?" అన్నాను.

"గోడ కొయ్యడం నేరం. మీ ఇద్దరినీ బయటికి పంపేస్తారు." కొంచెం ఆగింది. "కోసినా వారంలో మళ్ళీ పూడిపోతుంది. రోజూ కొయ్యాలి."

అప్ప ఇదంతా విన్నది. "ఇంటిని కోత్తారేట్రా? బుద్దుండే మాట్లాడతన్నావా?" అంది. ఆ మాట పూర్తి చెయ్యడానికి మూడుసార్లు ఆగింది.

ఆషాఢ బహుళ దశమి

తెల్లవారేసరికి అప్ప పెదవులు నల్లబడ్డాయి. కన్నంలో నా వేళ్ళు నాలుగు పట్టాయి.

గట్టు మీదికి వెళ్ళాను. బోడెమ్మ గుర్రపుడెక్క కోస్తోంది. కొడవలి అడిగాను. ఎందుకని ఆమె అడగలేదు. చేతిలో కొడవలి ఇచ్చేసింది. నా వెనకే వచ్చింది.

కిటికీకి బయటి వైపు నిలబడి కోశాను. మొదట జున్ను కోసినట్టు దిగింది. తర్వాత పీచు. పీచు తెగగానే లోపలి నుంచి నీళ్ళు వచ్చాయి. తెల్లటి, చిక్కటి, పులిసిన నీళ్ళు. నా చేతుల మీద, పొట్ట మీద, కాళ్ళ మీద పడ్డాయి. ఆ నీళ్ళ వెనక అన్నం. ముద్దలు ముద్దలుగా, ఎవరూ ముట్టనట్టు, నల్ల బూజు పట్టి, పురుగులు కదులుతూ. చెయ్యి పెట్టి తోడాను. ఎంత తోడినా వస్తూనే ఉంది. మా ఊరి కళ్ళంలో నూర్చిన ధాన్యమంత ఉంటుంది. కుళ్ళిపోయింది అంతా. రెండుసార్లు పక్కకు వెళ్ళి డోకాను. మళ్ళీ వచ్చి తోడాను.

పాకల్లోంచి జనం వచ్చి నిలబడ్డారు. వాళ్ళ బియ్యమే అది. గుర్తుపట్టినట్టున్నారు. ఒక ముసలాయన తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని గట్టు అవతలికి వెళ్ళిపోయాడు.

పైన వరండా ఒక పక్కకు వాలింది. ఉయ్యాల గోడకు కొట్టుకుంది. మంగతాయారు గారు తొంగి చూసి, "ఏం చేస్తున్నావయ్యా, ఏం చేస్తున్నావు, కింద పడితే నీ తాత దిగొస్తాడా" అని అరిచింది. తర్వాత వాసన ఆమె దాకా వెళ్ళింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. కిటికీలు టపటపా మూసుకున్న చప్పుళ్ళు పైవరకూ వినిపించాయి.

నరహరి గారు ముక్కుకు రుమాలుతో దిగి వచ్చాడు. కొందరు వెంట ఉన్నారు.

"మూసెయ్యండి దాన్ని. ఊరంతా కంపు. మనుషులు బతకాలా వద్దా?"

నా దగ్గర మాట ఒక్కటే ఉంది. "ముయ్యను" అన్నాను.

"కంపెనీకి రాస్తాను. మీ ఇద్దరూ రోడ్డు మీద ఉంటారు."

"రాయండి."

ఇంకా చాలా అన్నాడు. నేను ఆయన మొహమే చూస్తున్నాను. ముందు ఆయనే తల తిప్పుకున్నాడు. కన్నంలోంచి లోపలికి చూస్తే అప్ప కళ్ళు మూసుకుని నోరు తెరిచి కూర్చుని ఉంది. ఆమె జుట్టు గాలికి కదిలింది.

ఆషాఢ బహుళ త్రయోదశి

అప్ప నాతో మాట్లాడడం లేదు. కోసిన రోజు సాయంత్రం ఒక్క మాట అంది. "ఇంటిని కోసిన సేత్తో నాకు కూడెట్టకు." అంతే. తనే లేచి, గోడ పట్టుకుని వెళ్ళి, తనే వడ్డించుకుంటోంది. మంచం నుంచి పొయ్యి దాకా ఆమె నడిచి చాలా రోజులైంది. నేను చూడనట్టు కూర్చుంటున్నాను.

పర్వీన్ వచ్చి కిటికీ చూసింది. రాయవలసిన కాగితం తీసింది. రాయకుండా మడిచి సంచిలో పెట్టుకుంది. "రేపు వేరే వాళ్ళను పంపుతారేమో తాతా" అని మాత్రం అంది.

పైన వెయ్యడం ఆపలేదు. కంపు తగ్గిందని నిన్నటి నుంచి మళ్ళీ నెయ్యి వాసన మొదలైంది. వాలిన వరండాకు కర్రలు ఊతం పెట్టి, దానికి ఇప్పుడు రెండింతలు పెడుతున్నారట, త్వరగా కోలుకోవాలని.

ఆషాఢ అమావాస్య

పొద్దున లేచి కోశాను. రాత్రికి అంగుళం వస్తోంది. కోసింది బుట్టకెత్తి కాలవలో పోసి, చేతులు బూడిదతో తోముకున్నాను. వాసన పోదు. గోళ్ళ లోపల ఉండిపోయింది. అన్నం తినేటప్పుడు ఎడంచేతిని వెనక్కి పెట్టుకుంటున్నాను, కుడిచేతిని అలా దాచడానికి వీల్లేదు కదా. చెంచాతో తింటున్నాను.

కంపెనీ వాళ్ళు రేపు వస్తారని నరహరి గారు తలుపు మీద కాగితం అంటించాడు. రానియ్యి.

బోడెమ్మ ఆకుకూర తెచ్చింది. బుట్ట అలాగే లోపలికి ఇచ్చింది. అప్ప అందుకుంది, కాని బోడెమ్మ వంక కూడా చూడలేదు. కొడవలి ఎవరిదో ఆమెకు తెలుసు.

నేను బయట గట్టు మీద కూర్చుని కొడవలి నూరుతున్నాను. బోడెమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"మీ అప్ప మాట్లాడతన్నాదేటి?"

"నేదు."

"ఊపిరి?"

"తీస్తన్నాది."

"సాల్లే" అంది.